సరుకు ఇస్తాం, మనిషిని ఇవ్వం

మా మరిది ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన పూటే నాకు అర్థమైంది, ఈ ఏడు వేసవి నా నెత్తి మీదే కాస్తుందని. వచ్చినవాడు ఊరికే రాలేదు. భుజాన కంప్యూటరు సంచి, నోట్లో ఉపన్యాసం. కంచం ముందు కూర్చుని, కలుపుకున్నది ఆరిపోతున్నా పట్టించుకోకుండా, మనలాంటి చిన్న కిరాణా కొట్ల కోసం ఫోనులో ఒక యాప్ తయారు చేస్తున్నానని మొదలుపెట్టాడు.

"జనం ఇంట్లో కూర్చుని ఫోన్లోనే సరుకులు అడుగుతారు అన్నయ్యా. కావాలంటే వచ్చి తీసుకెళ్తారు, లేకపోతే మనమే పంపిస్తాం. గల్లా దగ్గర ఎవరూ పొద్దస్తమానం కూర్చోనక్కర్లేదు," అని నా వైపు తిరిగి నవ్వాడు. "వదిన మాత్రం ఎన్నాళ్ళని కష్టపడుతుంది? ఇంక ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోనీ."

"నేనడిగానా విశ్రాంతి?" అన్నాను.

"అది కాదు వదినా, మీ మంచికే..."

"నా మంచి నాకు తెలుసు. ముందు నువ్వు తిను."

గల్లా దగ్గరి కుర్చీ నాది. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయన సరుకు కోసం మార్కెట్టుకెళ్తే ఖాళీగా ఉందని కూర్చున్నాను, మళ్ళీ లేవలేదు. వెదురుతో అల్లిన కుర్చీ, ఒక పక్క అల్లిక ఊడి గుచ్చుకుంటుంది. అయినా అక్కడ కూర్చున్నప్పుడే ఈ ఇంట్లో నా మాట చెల్లుతుంది. వంటింట్లో నేను చెప్పేది ఆవిరితో పాటు కిటికీలోంచి పోతుంది. ఆ చోటు పోతే ఈ ఇంట్లో నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. విశ్రాంతి అట, విశ్రాంతి!

మా ఆయన ఇద్దరి మధ్యా బేరం కుదిర్చాడు. వానలు పడేలోపు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఆ యాప్ ఎలా పనిచేస్తుందో చూడ్డానికి వస్తారు. వాళ్ళకి నచ్చితే గల్లా తమ్ముడిది, కొట్టు వాడు చెప్పినట్టు నడుస్తుంది. నచ్చకపోతే వాడు మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటాడు, నేను ఎప్పటిలాగే కూర్చుంటాను.

"సరేనా?" అన్నాడు మా ఆయన.

"సరే. వాళ్ళకి నచ్చకూడదని పొద్దునా సాయంత్రం కోరుకుంటాను," అన్నాను. పైకే అన్నాను. కడుపులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి మాట్లాడటం నాకు చేతకాదు.

మర్నాటి నుంచి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పప్పుల ఫోటోలు, సబ్బుల ఫోటోలు, చీపుళ్ళ ఫోటోలు. ఖర్జూరాల మీద ఈగ వాలితే అది ఎగిరేదాకా ఆగి మళ్ళీ ఇంకో ఫోటో. వచ్చిన ప్రతి మనిషీ "ఏం చేస్తున్నావు బాబూ?" అనడం, వీడు పని ఆపి అందరికీ యాప్ కథ చెప్పడం, నేను తూకం వేస్తూ పళ్ళు కొరుక్కోవడం.

ఒకరోజు స్కూలు టీచరు వచ్చి కందిపప్పు అడిగింది. చూస్తే డబ్బా అడుగంటింది. కొట్లో లేదు అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతేనే నిండుకున్నాయంటాం, అలాంటిది కొట్లో నోరు జారితే ఇంకేమైనా ఉందా? వచ్చిన మనిషి పక్క కొట్టు మెట్లెక్కుతుంది, ఎక్కిన మనిషి అక్కడే అలవాటు పడుతుంది. అందుకని, "లోపలుంది టీచరుగారూ, ఇలా కూర్చోండి," అని స్టూలు మీంచి మరిదిని లేపి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. మా ఆయన ఖాళీ డబ్బా తీసుకుని వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు.

పక్క కొట్టాయన్ని మేము కళ్ళజోడు అంటాం. ముక్కు మీద అది లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ముందు వీధిలో ఆయనకీ మాకూ ఉప్పూ నిప్పూ. నేను మెట్లు కడిగితే నీళ్ళు తన వైపు పారాయని ఆయన అరుస్తాడు, అట్టపెట్టెలు మా గుమ్మానికి అడ్డం పెట్టాడని నేను అరుస్తాను. వెనక సందులో మాత్రం మేము కందిపప్పు అడిగితే కందిపప్పు ఇస్తాడు, ఆయనకి సబ్బులు అయిపోతే మేమిస్తాం. కొత్త సరుకు దిగగానే ఎవరిది వాళ్ళకి తిరిగిపోతుంది. వీధిలో కొట్లన్నీ ఇంతే. టీచరుకి పప్పు అందింది, సంచి ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఇదంతా చూసి మరిది కళ్ళు మెరిశాయి.

"రోజూ ఇలాగే తెచ్చుకుంటారా వదినా?"

"వాళ్ళూ మన దగ్గర తీసుకెళ్తారు."

"అంటే వీధి మొత్తం ఒకే కొట్టన్నమాట! ఎంత బాగుంది! ఇదే నా యాప్‌లో పెడతాను."

"పెట్టుకో. అన్నీ నన్నడిగే చేస్తున్నావా?"

ఎలా పెడతాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఎండలు ముదిరేసరికి వీధిలో కొట్లన్నీ యాప్‌లో చేరాయి. మేం చేరామని కళ్ళజోడు చేరాడు, కళ్ళజోడు చేరాడని మిగతావాళ్ళు చేరారు. మరిది ఊళ్ళో మిగతా పేటలు కూడా తిరిగి ఇంకొన్ని కొట్లు పోగుచేశాడు. ఫోనులో ప్రతి సరుకు పక్కనా రెండు బటన్లు. ఆకుపచ్చది ఉంది, ఎర్రది లేదు. సరుకు అయిపోతే కొట్టువాళ్ళు ఎర్రది నొక్కాలి, రాగానే ఆకుపచ్చది నొక్కాలి. వాడు మా గోడౌన్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్తే బుద్ధిమంతుల్లా తలలూపారు.

మొదలుపెట్టిన రోజు పొద్దున్నే మా కందిపప్పుకి మరిదే ఎర్రది నొక్కాడు. కాసేపటికి టీచరు వచ్చి మా మెట్టు మీద కాలు పెట్టింది, చేతిలో ఫోను చూసుకుంది, ఆగింది.

"మీ దగ్గర కందిపప్పు లేదటగా అండీ. పక్క కొట్లో ఉందని చూపిస్తోంది," అని పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, నా కళ్ళ ముందే కళ్ళజోడు మెట్లెక్కింది. ఆయన గుమ్మంలోకొచ్చి, అద్దాలు తుడుచుకుని, "రండి రండి" అన్నాడు. అన్నది ఆవిడతో, చూసింది నన్ను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చేశావయ్యా నువ్వు?" అని మరిది మీద పడ్డాను.

"ఏమైంది వదినా? మన దగ్గర లేదు, వాళ్ళ దగ్గరుంది. మీరు రోజూ చేసే పనేగా?"

"మేము చేసేది ఇదా? మేము పప్పు తెస్తాం. నువ్వు మనిషిని పంపావు. సరుకు ఇస్తాం, మనిషిని ఇవ్వం. బుద్ధున్నవాడెవడైనా తన కొట్టుకొచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని పక్కవాడి గుమ్మం ఎక్కిస్తాడా?"

"ఆవిడకి కావలసింది పప్పేగా! ఎక్కడ దొరికితే ఏంటి?"

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు."

"మీకు అర్థం కాకపోతే నేనేం చెయ్యను వదినా..."

"నాకా అర్థం కానిది?"

మా ఆయన మధ్యలో వచ్చి ఇద్దర్నీ నోరు మూసుకోమన్నాడు. ఇద్దర్నీ అన్నాడు గానీ నా వైపే చూశాడు. నేను మరిది చేతిలోంచి కొట్టు ఫోను లాక్కుని నా దగ్గర పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి కళ్ళజోడు మా కొట్టు మీదికొచ్చాడు. ఆయన దగ్గర సబ్బులు లేవని యాప్ ఆయన మనిషిని మూల కొట్టుకి పంపిందట. "మీ ఇంటి పిల్లాడు నా కడుపు కొడుతున్నాడు చెల్లెమ్మా!" అని వీధంతా వినేలా అరిచాడు.

"పొద్దున నా మనిషి మీ మెట్లెక్కినప్పుడు ఆ కడుపు చల్లగానే ఉందిగా అన్నయ్యగారూ, ఇంతలో ఏమొచ్చింది?" అని నేనూ అంతే గట్టిగా అన్నాను.

ఆ రోజు తర్వాత వీధిలో ఎర్ర బటను ముట్టుకున్నవాడు లేడు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, మీటింగు పెట్టుకోలేదు. డబ్బా అడుగు గోకుతున్నా ఫోనులో మాత్రం పచ్చగా ఉంది అనే ఉంటుంది. అడిగినవాళ్ళని కాస్త ఆగమని, వెనక సందులోకి పరుగు. ఇదివరకు నడిచేవాళ్ళం, ఇప్పుడు పరిగెడుతున్నాం, అంతే తేడా. మరిది గోడౌన్లో కంప్యూటరు ముందు కూర్చుని కంపెనీ వాళ్ళతో ఫోనులో మురిసిపోతున్నాడు. "వచ్చిన ప్రతి ఆర్డరూ వెళ్ళిపోతోందండీ. మా వీధిలో ఏ కొట్లోనూ ఏదీ తక్కువ లేదు!" గోడకి ఇవతల మా ఆయన రొప్పుతూ కళ్ళజోడు ఇచ్చిన నూనె డబ్బా దింపుతున్నాడు. తమ్ముడి సంతోషం పాడు చెయ్యడమెందుకని ఆయన చెప్పలేదు. నాకేం పట్టిందని నేను చెప్పలేదు.

ఇంట్లో వాడికీ నాకూ మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని తింటూ, "ఏమండీ, మీ తమ్ముణ్ణి కూర ఇంకా వేసుకుంటాడేమో కనుక్కోండి," అంటాను. "అన్నయ్యా, చాలని చెప్పు," అంటాడు వాడు. మా ఆయన అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నలిగేవాడు.

అలా ఉండగా లారీలవాళ్ళు సమ్మె కట్టారు. మొదట్లో ఎవరూ భయపడలేదు. తర్వాత మార్కెట్టు ఖాళీ అయింది. నేను అల్మరాల్లో డబ్బాలు ముందుకు జరిపి, వెనక బోసిగా ఉన్నది కనపడకుండా సర్దాను. ఫోనులో చూస్తే మాత్రం వీధి కళకళలాడుతోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఆ రోజుల్లోనే కంపెనీ వాళ్ళు దిగారు. ఒకాయన, ఒకావిడ, మెడల్లో కంపెనీ పేరున్న బిళ్ళలు. మా ఆయన ఫ్యాను వాళ్ళ వైపు తిప్పాడు. మరిది ఇస్త్రీ చొక్కాలో నిలబడి చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. నన్ను లేవమని మా ఆయన కళ్ళతో సైగ చేశాడు. చూడనట్టే నా కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడే దర్జీ ఆవిడ నుంచి ఆర్డరొచ్చింది. వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంది. ఇంట్లో కూతురు, కూతురి చంటిపిల్ల. పిల్లకి తల్లిపాలు చాలవు, డాక్టరు రాసిన పాలపొడి తప్ప ఇంకేది పట్టినా కక్కేస్తుంది. మా దగ్గర ఆ డబ్బాలు ఎప్పుడో అయిపోయాయి, ఫోనులో మాత్రం ఉంది. మా ఆయన మామూలుగానే వెనక గుమ్మం దాటాడు. దాటినవాడు దాటినట్టే తిరిగొచ్చాడు, వెనకాలే కళ్ళజోడు. ఇద్దరి చేతులూ ఖాళీ.

"ఆవిడ ముందు నన్నే అడిగింది. మీ దగ్గర తీసుకుందామని నేనే వస్తున్నా," అన్నాడు కళ్ళజోడు గుసగుసగా. "మూల కొట్టూ చూశా, ఆ చివరిదాకా అడిగా. ఎక్కడా లేదు చెల్లెమ్మా."

ఇంతలో దర్జీ ఆవిడ తనే వచ్చేసింది. కాళ్ళకి చెప్పుల్లేవు, కొలతల టేపు మెళ్ళో అలాగే వేలాడుతోంది.

"అక్కా, ఉందన్నారుగా. కళ్ళజోడుగారూ ఉందన్నారు. ఏ కొట్టుకెళ్ళినా ఆగమనేవాళ్ళే గానీ ఇచ్చేవాళ్ళు లేరేంటక్కా? పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అసలుందా, లేదా?"

లోపలుంది, కూర్చో అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక బయటికి రాలేదు.

"ఉందనే చూపిస్తోంది వదినా," అన్నాడు మరిది, ఇన్నాళ్ళకి నేరుగా నాతో. "వీధిలో అందరి దగ్గరా ఉంది."

"ఎవరి దగ్గరా లేదయ్యా. నువ్వు ఎర్రది పెట్టావు, మేమెవరం నొక్కలేదు. ఆ మొదటి రోజు తర్వాత ఎవరూ నొక్కలేదు."

వాడి ముఖం పాలిపోయింది. కంపెనీ ఆవిడ రాయడం ఆపింది. కంపెనీ ఆయన గడియారం చూసుకున్నాడు. నేను ఇంకాసేపు ఊరికే కూర్చుంటే చాలు, వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. పొద్దునా సాయంత్రం నేను కోరుకున్నది అదే.

"రైల్వే గేటు అవతల పేటల్లో ఎక్కడైనా ఉండొచ్చు," అన్నాడు మరిది. "కానీ దగ్గర్లో ఒక్క కొట్టు ఉందన్నా యాప్ అక్కడే ఆగిపోతుంది, దూరం వెతకదు. నేను మార్చలేను, ఎవరి కొట్టుది వాళ్ళే నొక్కాలి. అందరూ నొక్కాలి వదినా. ముందు మీరు నొక్కండి."

దర్జీ ఆవిడ నన్నే చూస్తోంది. నేను ఫోను తీసి ఎర్రది నొక్కాను. వెంటనే ఆమె ఫోనులో కళ్ళజోడు కొట్టు వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరూ కానివ్వండి," అన్నాను.

"నలుగురిలో పరువు..."

"నాది పోయింది, మీది మాత్రం ఎందుకుండాలి? నొక్కండి!"

నొక్కాడు. మూల కొట్టు వచ్చింది. నేను వీధిలోకెళ్ళి మూల కొట్టతని మీద అరిచాను, అతను ఆ పక్క కొట్టువాడి మీద అరిచాడు. అలా తిట్లు వీధి చివరిదాకా వెళ్ళాయి, తిట్టు తగిలిన ప్రతివాడూ నొక్కాడు. చివరికి ఆమె ఫోనులో రైల్వే గేటు అవతల విడిగా ఉన్న ఒక కొట్టు కనిపించింది. చుట్టుపక్కల ఇంకో కొట్టు లేని చోట అతనికి ఎర్ర బటనంటే భయమేముంది, మొదటినుంచీ ఉన్నది ఉన్నట్టే నొక్కుతూ వచ్చాడు. అతని దగ్గర పాలపొడి ఉంది. మరిది బండి తీశాడు, దర్జీ ఆవిడ వెనక ఎక్కింది.

వాడు తిరిగొచ్చేదాకా కంపెనీ వాళ్ళు కదల్లేదు. రాగానే ఆవిడ అడిగింది పిల్ల గురించి కాదు.

"ఏ కొట్లో ఏం లేదో, తరచుగా ఏది ఉండట్లేదో, ఇదంతా మాకు ఒకచోట కనిపిస్తుందా?"

"కనిపిస్తుందండీ," అన్నాడు వాడు ఉత్సాహంగా. "ఇప్పుడు అందరూ నిజమే నొక్కుతారుగా."

ఆవిడ రాసుకుంది. ఆయన యాప్ నచ్చిందని మరిది చెయ్యి పట్టుకుని ఊపాడు.

మాట ప్రకారం మర్నాడు నేను గల్లా దగ్గర్నించి లేచాను. "ఇప్పుడే ఏం తొందర?" అన్నాడు మా ఆయన, మాటవరసకి. మరిది అల్లిక గుచ్చుకుంటోందని కుర్చీ మీద మెత్త వేసుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో గిన్నెలు ఎత్తి దించాను, ఆ చప్పుడు కొట్లోకి వినపడాలనే దించాను. ఎవరో "అక్కేదీ?" అని అడగడం, "విశ్రాంతి తీసుకుంటోంది," అని మరిది చెప్పడం కూడా నాకు వినపడింది. ఆ క్షణాన వాణ్ణి నమిలి మింగెయ్యాలనిపించింది.

వీధికి ఎర్ర బటనంటే భయం తీరిపోయింది. నలుగురిలో ఒకసారి నొక్కాక రెండోసారికి సిగ్గేముంది? సమ్మె విరిగాక కూడా డబ్బా ఖాళీ అయితే నొక్కెయ్యడమే. పక్కవాడి దగ్గరికి పరిగెత్తి తేవడం తగ్గింది, ఆనక పూర్తిగా మానేశారు. వెనక సందులో తొలి వానలకి మోకాలెత్తు గడ్డి లేచింది.

ఆ వానల్లోనే మూల కొట్టుకి ఎదురుగా ఉన్న పాత సామాన్ల దుకాణం ఖాళీ చేయించి కంపెనీ తన కొట్టు తెరిచింది. నేనూ వెళ్ళి చూశాను. మాకు ఎప్పుడూ తక్కువయ్యే కందిపప్పు ఎదురుగా బస్తాలకి బస్తాలు. ఆ పక్కనే కళ్ళజోడుకి అందని సబ్బులు, పైన పాలపొడి డబ్బాలు. వీధిలో ఎవరికి ఏది లేదో అదే వెతికి తెచ్చి పెట్టారు, అదీ మాకంటే చవకగా. ఇప్పుడు మేము ఎర్రది నొక్కితే జనం ఫోనులో పక్క కొట్టు కనిపించదు, కంపెనీ కొట్టే కనిపిస్తుంది.

"ఇదేంట్రా?" అని మా ఆయన తమ్ముణ్ణి నిలదీశాడు.

"నాకు మాత్రం ఏం తెలుసన్నయ్యా? యాప్ ఇప్పుడు వాళ్ళది. వాళ్ళిష్టమొచ్చినట్టు మారుస్తారు."

తెలియదన్నది నిజమే కావచ్చు. నాకు నమ్మాలని లేదు. ఆ మాటన్న వారానికే కంపెనీ వాడికి తమ ఆఫీసులో ఉద్యోగమిచ్చింది. వెళ్ళే రోజు సంచి భుజాన వేసుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు నొక్కబట్టే వాళ్ళు ఒప్పుకున్నారు వదినా. లేకపోతే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు దారి చూపించింది మీరే." నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. వెటకారంగా అని ఉంటే ఓర్చుకునేదాన్ని.

"నీకోసం నొక్కలేదు," అన్నాను. "మళ్ళీ అలాంటి పూటొస్తే మళ్ళీ నొక్కుతాను. నువ్వు మాత్రం ఈ గుమ్మం ఎక్కకు."

"వదినా..."

"ఎక్కకు."

మా ఆయన వాడితో పాటు వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఆ రోజు నుంచి నాతో అవసరానికి తప్ప మాట్లాడడు. మాట్లాడినా "నొక్కింది నువ్వే," అంటాడు. తమ్ముణ్ణి వెళ్ళగొట్టిందీ నువ్వే అంటాడు. రెండూ నిజమే, నేను కాదనను. కాదన్నా వినే మనిషి కాదు.

కళ్ళజోడు కొట్టు మూసేశాడు. తాళం వేశాక వచ్చి మా మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. "ఇంక తీరిగ్గా కడుక్కో చెల్లెమ్మా. నీళ్ళు ఎటు పారినా అడిగేవాడు లేడు," అన్నాడు.

గల్లా దగ్గర మళ్ళీ నేనే కూర్చుంటున్నాను. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం దర్జీ ఆవిడ ఒక చేత్తో మనవరాలిని ఎత్తుకుని, ఒక చేతిలో కంపెనీ సంచితో మూల మీంచి వస్తోంది. నన్ను చూసి సంచి వెనక్కి పెట్టుకుంది.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నా. పిల్లెలా ఉంది?"

"బుగ్గలు చూడక్కా," అని పిల్లని ముందుకు వంచి చూపించింది. బుగ్గలొచ్చాయి, నన్ను చూసి నవ్వింది కూడా. పిల్లని పట్టుకోవడంలో సంచి ముందుకొచ్చేసింది. ఆమె తల దించుకుంది.

"తడుస్తోంది పిల్ల, వెళ్ళు," అన్నాను.

మా ఆయన లోపల్నించి ఇదంతా వింటున్నాడు. "కూర్చో, కూర్చో," అన్నాడు. "ఇంత రాద్ధాంతమూ ఆ కుర్చీ కోసమేగా. ఇంక నిన్ను లేపడానికి ఎవరూ రారు."

చీకటి పడేదాకా కూర్చున్నాను. నన్ను లేపడానికి గానీ, ఏదైనా కావాలని అడగడానికి గానీ ఎవరూ రాలేదు.